ఉప్పునీళ్ల కుండలు

కుమ్మరి ఇస్తారికి ఒకచోట నిలవడం చేతకాదని మెట్‌పల్లి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. సారె ముందు కూర్చుంటే రాయిలా కూర్చునేవాడు. లేచాడంటే మళ్లీ ఎక్కడ తేలతాడో ఎవరికీ అంతుపట్టేది కాదు. స్టీలు బిందెలూ అల్యూమినియం గిన్నెలూ వచ్చి కుండల బేరం పడిపోయాక ఆ కూర్చోవడమూ తగ్గింది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఒక సీజను చెరుకు దించాడు. భీవండిలో మగ్గాల మోత మధ్య తొమ్మిది నెలలున్నాడు. బొంబాయి రేవులో బస్తాలు మోశాడు. ఎవరితోనూ తగాదా పెట్టుకునేవాడు కాదు, ఎవరూ పొమ్మనేవాళ్లూ కాదు. ఒకరోజు పొద్దున లేవగానే ఆ చోటు మీద మనసు విరిగేది. ముఖం కడుక్కుని మూట కట్టేవాడు.

అతని భార్య లస్మవ్వ బీడీలు చుట్టి ఇల్లు నెట్టుకొచ్చేది. "నువ్వు పోతనంటే నేను అడ్డమస్తనా? గాని పోయే జాగ చెప్పి పో," అనేది. అతను చెప్పేవాడే. తీరా ఆమె జాబు ఆ ఊరు చేరేసరికి అతను ఇంకో ఊళ్లో ఉండేవాడు.

డెబ్బై ఆరో సంవత్సరం చివర్లో బొంబాయిలో ఒక ఏజెంటు అతన్ని మస్కట్ విమానం ఎక్కించాడు. ఒమాన్‌లో అప్పుడు ఎక్కడ చూసినా రోడ్లే వేస్తున్నారు. దిగగానే పాస్‌పోర్టు కంపెనీ బీరువాలోకి వెళ్లిపోయింది. కాంట్రాక్టు రెండేళ్లు. లేచి పోవడానికి దారి లేకపోవడం ఇస్తారికి పుట్టాక అదే మొదటిసారి. డ్యూటీ అయ్యాక తోటివాళ్లు రూమ్‌లో పేకాట ఆడుకుంటుంటే అతను క్యాంపు కంచె వెంబడి ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు కాలు గాలిన పిల్లిలా తిరిగేవాడు.

ఏడాది గడిచాక అతని గ్యాంగును సముద్రపు ఒడ్డునున్న ఖబూరాకు పంపారు. పెద్దరోడ్డు నుంచి సముద్రం వైపు జాలర్ల ఊరికి ఒక పిల్లరోడ్డు వేయాలి. ఒకపక్క ఖర్జూరపు తోటలు, ఇంకోపక్క చదునైన గులకనేల, నడుమ అక్కడక్కడా మనిషెత్తు దిబ్బలు. ఆ దిబ్బల్లో అన్నిటికన్నా పెద్దదాన్ని ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక మేడం మూడు చలికాలాలుగా తవ్విస్తోంది. దాని మీద కంపెనీ చెయ్యి వేయకూడదు. దానికి కూతవేటు దూరంలో ఇంకో చిన్న దిబ్బ ఉంది. అది ఎవరి లెక్కలోనూ లేదు. రోడ్డు గీత సరిగ్గా దాని నడినెత్తి మీదుగా పోయింది.

డిసెంబరులో ఒకరోజు పొద్దున బుల్డోజరు ఆ చిన్న దిబ్బను ఒక చెంప గీకి, రెండోసారి గీకడానికి వెనక్కి వెళ్లింది. పార పట్టుకుని పక్కన నిలబడ్డ ఇస్తారి ఆ గీకిన చెంప వైపు చూశాడు. నల్లటి బూడిద చార, దాని కింద కాలి ఇటుకలా ఎర్రబడ్డ మన్ను, దానికీ కింద గుండ్రంగా వంపు తిరిగిన గోడ. గోడ లోపలిముఖం కరిగి పచ్చగా గాజులా మెరుస్తోంది. పెంకులు బుట్టలకొద్దీ రాలిపడ్డాయి.

ఇస్తారి పార పడేసి పరుగెత్తి బుల్డోజరుకు ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. పంజాబీ డ్రైవరు హారన్ కొట్టాడు, తిట్టాడు, చివరికి ఇంజను ఆపాడు. ఫోర్‌మన్ నసీరుద్దీన్ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. హైదరాబాదు యాకుత్‌పురా మనిషి. నోరు దురుసే గానీ చెడ్డవాడు కాదు.

"క్యా రే ఇస్తారీ, దిమాగ్ ఖరాబ్ హువా? జరుగు పక్కకు!"

"సాబ్, ఇది కుమ్మరి ఆవం సాబ్. కుండలు కాల్చింది. సూడున్రి, గోడ ఇంక నిలబడే ఉన్నది."

"ఆవమైతే నీకేందిరా? మీ తాతదా?"

"మా తాతది గాదు సాబ్. గాని ఎవలో ఒగ తాతదే."

ఈ గొడవ విని పెద్ద దిబ్బ కాపలాదారు రషీద్ వచ్చాడు. అరవై ఏళ్లవాడు, ఖబూరా మనిషే. వయసులో ఉన్నప్పుడు ఓడల మీద కరాచీ, బొంబాయి తిరిగినవాడు కాబట్టి హిందుస్తానీ బాగా వచ్చు. రాలిన పెంకులు రెండు తిప్పి చూసి, "మిషన్ బంద్ రఖో, ఇది సర్కారు చూడాల్సిన మాట," అన్నాడు. మేడంను పిలవడానికి అతనే వెళ్లాడు.

మేడం గడ్డిటోపీ ఒక చేత్తో పట్టుకుని దాదాపు పరుగున వచ్చింది. నలభై దాటినావిడ, ఎండకు ముక్కు తోలు ఊడి ఉంది. వెంట గులాం నబీ వచ్చాడు. కడప మనిషి. మేడం క్యాంపులో డ్రైవరూ అతనే, వంటవాడూ అతనే, దుబాసీ కూడా అతనే. మేడం ఆ చెంప ముందు మోకాళ్ల మీద కూర్చుని మెరిసే గోడను వేలితో తడిమింది. తర్వాత ఇస్తారి వైపు తిరిగి ఏదో అడిగింది.

"ఇది ఆవమని నీకెట్ల తెల్సునో అడుగుతాంది ఇస్తారీ," అన్నాడు గులాం నబీ. "మేడమయితే రాగి కరిగించే కొలిమేమో అనుకుంటాంది."

"కొలిమైతే రాగి కరిగినంక మిగిలే చిట్టెం ఉండాలె నబీ భాయ్. ఇండ్ల చిట్టెం ఏది? అన్నీ వంకరబోయిన కుండ పెంకులే. గా పెంకును చేత్తో పట్టుకుంటే తెలుస్తది. నేను కుమ్మరోన్ని."

ఆ రోజంతా మేడం, కంపెనీ ఇంజనీరు, మస్కట్ నుంచి వచ్చిన ఒక సర్కారు అధికారి కలిసి ఎండలో నిలబడి వాదించుకున్నారు. చివరికి ఇరవై రోజుల గడువుకు ఒప్పుకున్నారు. ఈలోపు కంపెనీ అవతలి కొస నుంచి పని చేసుకుంటుంది. ఇరవై ఒకటో రోజు దిబ్బ మీదకు మిషన్ వస్తుంది. ఇస్తారిని ఆ ఇరవై రోజులూ తనకు ఇమ్మని మేడం అడిగింది. ఇంజనీరు మొహం మాడ్చుకుని తలూపాడు. మిషన్‌కు అడ్డం పడ్డవాడు గ్యాంగులో లేకపోవడమే అతనికీ కావాలి.

ఇస్తారికి ఆ పని మొదటి రెండురోజులు నరకంలా ఉంది. ఇరవై రోజులే ఉన్నాయని అతను తొందరపడుతుంటే మేడం చిన్న తాపీ, కుంచె చేతికిచ్చి జానెడు నేలను పొద్దంతా దులపమనేది. మూడో రోజు ఓపిక పట్టలేక పెంకుల పోగులోకి రెండు చేతులూ పోనిచ్చి దొరికినంత పైకి లాగాడు. మేడం కేక వేసింది. గులాం నబీ ఆ కేకను కొంచెం మెత్తబరిచి చెప్పాడు.

"ఏమప్పా, కిందిది పైకి, పైది కిందికి జేస్తివి. ఏది ముందు, ఏది యెనక అని ఇంగ ఎట్ల తెలుస్తాది? పొర ఎమ్మట పొర తియ్యాల. కిందుండేది పాతది, పైనుండేది కొత్తది. అంతే లెక్క."

ఇస్తారికి సిగ్గేసింది. కుమ్మరి ఇంటి వెనక పనికిరాని కుండలు పారేసే పోగు ఉంటుంది. తొలి ఆవంలో చెడినవి అడుగున, నిన్న చెడినవి పైన. అది తనకు తెలియని సంగతా? తెలిసి కూడా చెయ్యి ఆగలేదు. ఆ తర్వాత అతను ఆ పోగును దోసెడు దోసెడుగా తీశాడు. ఏ పొరలోది ఆ పొర బుట్టలో వేశాడు.

ఆరో రోజుకు పోగు సంగతి కొంత తెలిసింది. ఆవం వాడిన మనిషి రెండు రకాలు చేశాడు. ఒకటి మామూలు నీళ్లకుండ. దాని పొట్ట మీద చెక్కతో తట్టిన గుర్తులున్నాయి. రెండోది పొడవాటి జాడీ. అడుగు కోసుగా, మెడకు రెండువైపులా చెవులతో ఉంటుంది. పెద్ద దిబ్బలో దొరికిన ఒక పాత జాడీ ముక్క తెప్పించి మేడం దాని పక్కన పెట్టింది. ఆకారం అచ్చంగా అదే, మన్ను మాత్రం వేరు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర మేడం చెబుతుంటే గులాం నబీ తెలుగు చేశాడు. సుమారు పంతొమ్మిది వందల ఏళ్ల కింద రోము రాజ్యం ఉండేది. దాని ఓడలు ఈజిప్టు రేవుల్లో బయల్దేరి గాలివాటం చూసుకుని అరబ్బు ఒడ్డులకూ ఇండియాకూ పోయేవి. వాటిలో ద్రాక్షసారా, నూనె ఇలాంటి జాడీల్లోనే పోసి తెచ్చేవాళ్లు. రోము సిపాయి ఈ ఒడ్డున కాలు పెట్టలేదు. రోము జాడీ మాత్రం చేతులు మారి మారి వచ్చింది. ఖాళీ అయిన జాడీల్లో ఇక్కడి వర్తకులు ఖర్జూరపు పాకం పోసి మళ్లీ ఓడలకెక్కించి ఉంటారు. జాడీలు చాలక, అలాంటివే చేయమని ఎవరో ఒక కుమ్మరిని తెచ్చుకుని ఉంటారు. ఆ కుమ్మరి ఈజిప్టు నుంచి వచ్చినవాడే అయి ఉంటాడని మేడం ఊహ.

"కాదు," అన్నాడు ఇస్తారి. అన్నం పళ్లెం పక్కన పెట్టేసి వెళ్లి బుట్టలోంచి ముక్కలు తెచ్చాడు. "సూడున్రి. కిందిపొరల ఒక్క జాడీకి చెవు నిలువలే. అన్నీ ఊడినయే. చెవులు పెట్టే దేశపోడైతే గిట్ల పెడ్తడా? మనకాడ కుండకు చెవులుండయి. మన కుమ్మరోనికి చెవు పెట్టుడు తెల్వది. గీ నీళ్లకుండ సూడు, మెడకాడ గీ మలుపు, లోపట రాయి ఆనిచ్చి పైకెళ్లి చెక్కతోని కొట్టుడు... మా అయ్య గిట్లనే కొడ్తుండె. అచ్చినోడు మన దిక్కోడు నబీ భాయ్."

మేడం శ్రద్ధగా విన్నది. చెక్కతో తట్టి కుండలు చేసేవాళ్లు లోకంలో చాలాచోట్ల ఉన్నారని, అదొక్కటే రుజువు కాదని చెప్పింది.

"రుజువంటే ఎట్ల?" అన్నాడు ఇస్తారి. "చేసి సూపిస్తే?"

మేడం నవ్వలేదు. ఎన్ని రోజులు పడుతుందని మాత్రం అడిగింది.

ఆ సాయంత్రమే నసీరుద్దీన్‌ను బతిమాలి కంపెనీ గ్యారేజీ నుంచి పాత లారీ హబ్బు ఒకటి తెచ్చాడు. దాన్ని నేలలో పాతి, పైన చెక్కపలక బిగించి, అంచుకు బరువు కోసం మన్ను మెత్తి సారె చేశాడు. రషీద్ వాదీలో, అంటే అక్కడి ఎండిన వాగులో, బంకమన్ను దొరికే చోటు చూపించాడు. ఇస్తారి మన్ను నానబెట్టి తొక్కాడు. ఏడాదిన్నర తర్వాత సారె ముందు కూర్చుంటే మొదటి ముద్ద చేతుల్లోంచి జారి ఎగిరిపోయింది. రెండోది లేచింది. చూడటానికి తవ్వకం పనివాళ్లంతా చేరారు. నీళ్లకుండలు వచ్చాయి. జాడీలూ లేచాయి. జాడీకి చెవులు అతికించడం మాత్రం ఎంత ప్రయత్నించినా కుదరలేదు. ఆరేలోపే పట్టు వదిలి ఊడి పడ్డాయి. "సూసిన్రా!" అని ఇస్తారి తన చేతకానితనానికి తానే సంబరపడ్డాడు.

నాలుగు రోజులు నీడలో ఆరాక పదకొండో రోజు తెల్లారగానే పేడపిడకలూ ఎండు ఖర్జూరపు మట్టలూ పేర్చి కాల్చారు. మధ్యాహ్నానికి మంట తగ్గింది. సాయంత్రానికి బూడిదలోంచి కుండలు తీశాడు. ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. వేలితో కొడితే కంగుమన్నాయి. రషీద్ చప్పట్లు కొట్టాడు. మేడం కొలతలు తీసుకుంది.

మర్నాడు పొద్దున గులాం నబీ టీ కాస్తుంటే టప్పుమని చప్పుడైంది. వెళ్లి చూస్తే ఒక కుండ పొట్ట మీద రూపాయి బిళ్లంత పెచ్చు ఊడిపడి ఉంది. ఊడినచోట తెల్లటి సున్నపు గింజ. కాసేపటికి ఇంకో కుండలో టప్పుమంది. ఆ రోజంతా అలాగే పెచ్చులు లేస్తూనే ఉన్నాయి. పదమూడో రోజుకు నీళ్లు నిలిచే కుండ ఒక్కటీ మిగల్లేదు. వాగుమన్నులో సన్నటి సున్నపురాయి కలిసి ఉంది. అది కాలి, గాలిలో తడి పీల్చి, ఉబ్బి కుండను లోపలి నుంచి పేలుస్తోంది.

ఇస్తారి సముద్రం వైపు నడిచాడు. ఒడ్డు వెంబడి ఉత్తరానికి నడిచి, మళ్లీ దక్షిణానికి నడిచాడు. వెనకటిలా ఎటైనా వెళ్లిపోవాలనిపించింది. పాస్‌పోర్టు లేదు, దారీ లేదు. అయినా కాళ్లు పీకుతూనే ఉన్నాయి. గడువు ఇంకో వారమే ఉంది. అంతకాలం కింద వచ్చినవాడు ఈ మన్నుతోనే కదా చేసింది? వాడివెందుకు పగల్లేదు? ఆ ప్రశ్న పట్టుకుని తిరిగి దిబ్బకు వచ్చి బుట్టలన్నీ కుమ్మరించుకుని కూర్చున్నాడు.

అడుగుపొర పెంకులు తీశాడు. ఎర్రవి. చేతిలో తిప్పితే ప్రతి దాని మీదా చిన్న చిన్న గుంటలు, పెచ్చు ఊడినవి. అంటే వాడి కుండలూ పేలాయి. నడిమిపొర పెంకుల్లో ఇసక ఎక్కువ, పొట్టు ఎక్కువ. వాడు ఏవేవో కలిపి చూశాడు, అయినా పేలాయి. పైపొర పెంకులు తీశాడు. వాటికి గుంటలు లేవు. వాటి రంగు వేరు. ఎర్రటి మన్ను మీద పలచగా, పాలమీగడలా తెల్లటి తోలు.

ఇస్తారి ఆ తెల్లటి తోలును గోటితో గీకుతూ చాలాసేపు కూర్చున్నాడు. ఆ తోలు ఇంతకుముందు ఎక్కడో చూశాడు. తన మేనమామ ఊళ్లో ఉప్పటి చౌడుబావి నీళ్లతో తొక్కిన మన్నుకు ఇలాగే తెల్లతోలు కట్టేది. రంగు బాగాలేదని ఆ కుండలు ఎవరూ కొనేవాళ్లు కాదు. కానీ అవి ఏనాడూ పెచ్చు లేచి పగలలేదు. ఎందుకో మేనమామకూ తెలియదు.

"రషీద్ భాయ్!" అని కేక పెట్టాడు. "సముందర్ కా పానీ! సముద్రం నీళ్లు గావాలె!"

రషీద్ గాడిద మీద రెండు డబ్బాలతో సముద్రపు నీళ్లు తెచ్చాడు. ఇస్తారి ఆ నీళ్లతో మన్ను పిసికాడు. పదిహేను కుండలు చేశాడు. ఇక మిగిలింది ఆరే దాకా ఆగడమే. పచ్చిగా ఆవంలో పెడితే నీటి ఆవిరికే పగులుతాయి. నాలుగు రోజులు కుండల చుట్టూ తిరిగాడు. తాకి చూశాడు, ఎండ వచ్చినప్పుడల్లా గుడ్డ కప్పాడు. మిగతా వేళల్లో మేడం, పనివాళ్లు కలిసి ఆవం గోడలు కొలిచి, బొమ్మలు గీసి, ఫోటోలు తీస్తున్నారు. పోగు పైపొరలో ఒక జాడీ మెడ చెవితో సహా దొరికింది. ఇస్తారి లోపల వేలుపెట్టి తడిమి చూశాడు. ఆ కుమ్మరి మెడకు రంధ్రం పొడిచి, చెవి తోకను అందులోంచి లోపలికి తోసి, లోపల మన్ను మెత్తి నొక్కాడు.

"ఏడాదన్న పట్టి ఉంటది వీనికి," అన్నాడు ఇస్తారి. "రెండేండ్లు గూడ పట్టచ్చు. గన్నిసార్లు చెడినా పోలేదు చూడు." ఆ మెడను రెండు చేతులతో పట్టుకెళ్లి పైపొర బుట్టలో పెట్టాడు.

పందొమ్మిదో రోజు కాల్చారు. ఇరవయ్యో రోజు పొద్దున కుండలు బూడిదలోంచి తీస్తుండగా నసీరుద్దీన్ పికప్ వేసుకుని వచ్చాడు. కుండలు తెల్లతోలు కట్టుకుని, పాతపెంకుల రంగులోనే ఉన్నాయి. నసీరుద్దీన్ ఒకదాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"బాగున్నయ్‌రా. చలో, సామాన్ ఎత్తు."

"సాబ్, మూడు దినాలు ఆగున్రి. పేలుతయో నిలుస్తయో మూడు దినాలకు గాని తెల్వదు."

"నా చేతిల ఉంటే ముప్పై దినాలిస్తుంటి. ఇంజనీర్ సాబ్ నిన్ను ఇబ్రా సైట్‌కు ఏసిండు. ఈ దినమే పోవాలె. పోకుంటే పారిపోయినట్టు రాస్తరు. తెలుసు గద, అట్ల రాస్తే జైలు, ఆడికెళ్లి సీదా బొంబాయి." నసీరుద్దీన్ గొంతు తగ్గించాడు. "నీ మూలంగ నాగ్గూడ మాటలు పడ్డయిరా ఇస్తారీ. సమజ్ చేసుకో."

మేడం ఇంజనీరుతో మాట్లాడటానికి జీపెక్కి వెళ్లింది గానీ మొహం వేలాడేసుకుని తిరిగి వచ్చింది. ఇస్తారి మూట కట్టుకున్నాడు. పోవాలని లేకుండా ఒక చోటు వదలడం అతనికి అదే మొదటిసారి. పికప్ వెనక నిలబడి దిబ్బ కనుమరుగయ్యేదాకా చూశాడు. మిషన్ అప్పటికే దిబ్బ మొదట్లో నిలిపి ఉంది.

మస్కట్‌కు అవతల, సముద్రానికి దూరంగా ఉన్న ఇబ్రాలో వరుసగా కొత్త క్వార్టర్లు కడుతున్నారు. ఇస్తారి సిమెంటు బస్తాలు మోశాడు, కాంక్రీటు కలిపాడు. ఎక్కడ టప్పుమన్నా ఉలిక్కిపడేవాడు. రేకు ఎండకు సాగినా, ఎవరైనా చెక్క పడేసినా ఆ కుండలే గుర్తుకొచ్చేవి. రూమ్‌లో ఉండే వహీద్ అనే జగిత్యాల అతనితో రెండుసార్లు గులాం నబీకి జాబు రాయించాడు. జవాబు రాలేదు. "కుండలకేందన్నా గింత రంది?" అన్నాడు వహీద్. "మల్ల జేస్తవు." ఇస్తారి లేచి బయటికి నడిచాడు. ఈ దేశంలో తనకు తెలిసిన పని అంటూ ఒకటి చేసి, అది నిలిచిందో లేదో తెలియకుండా వచ్చేశాడు. ఆ సంగతి ఎవరికి చెబితే అర్థమవుతుంది?

ఫిబ్రవరి చివర్లో ఒక గురువారం మధ్యాహ్నం డ్యూటీ దిగగానే సిమెంటు లారీ ఒకటి ఖాళీగా పోతుంటే ఎక్కేశాడు. మస్కట్ దగ్గరి అల్ అమెరాత్ సైట్‌లో ఉన్న తన ఊరివాళ్ల రూమ్‌లో పడుకుని, శుక్రవారం తెల్లారగట్ల కూరగాయల లారీ పట్టుకుని ఎండెక్కేసరికి ఖబూరాలో దిగాడు.

చిన్న దిబ్బ ఉన్నచోట ఒత్తుగా కంకర పరిచిన రోడ్డుకట్ట ఉంది. మేడం క్యాంపులో డేరాలు లేవు, మేకులు పీకిన గుంటలే ఉన్నాయి. పెద్ద దిబ్బ చుట్టూ కంచె కట్టి తాళం వేశారు. ఇస్తారి ఆ కట్ట మీద అటూ ఇటూ నాలుగుసార్లు నడిచి, ఆవం ఉన్న చోటు ఇదేననుకుని ఒకచోట ఆగాడు. తర్వాత రషీద్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు.

ఖర్జూరపు మట్టలతో అల్లిన ఇల్లు. రషీద్ అతన్ని చూసి, "అల్లా!" అని రెండు చేతులతో భుజాలు పట్టుకున్నాడు. లోపలికి పిలిచి చాప పరిచాడు. అతని భార్య రాబియా ఖర్జూరాలూ, కహ్వా అనే అరబ్బు కాఫీ పంపి, ఆ వెనకే మూకుడుతో నీళ్లు పంపింది. నీళ్లు చల్లగా ఉన్నాయి.

ఇస్తారి తలెత్తి చూశాడు. పందిరి నీడలో నాలుగు తెల్లతోలు కుండలు వరుసగా ఉన్నాయి. వాటి పొట్టలు చెమర్చి నీటిబొట్లు జారుతున్నాయి.

"మొదట్లో నాలుగు రోజులు నీళ్లు ఉప్పగా ఉండె," అన్నాడు రషీద్ తన హిందుస్తానీలో. "తర్వాత బాగైనయి. పదిహేనులో మూడు పగిలినయి. మూడు మేడం పెట్టెలో పెట్టుకుని తీసుకపోయింది. మిగిలినవి మా ఇంట్ల, మా చెల్లె ఇంట్ల."

గులాం నబీ పోతూ పోతూ ఇచ్చివెళ్లిన తెలుగు చీటీ కూడా రషీద్ దగ్గర ఉంది. ఇస్తారి అక్షరాలు కూడబలుక్కుని చదువుకున్నాడు. "ఇస్తారీ, నీ అడ్రసు యాడుందో నాకు దొరకలేదు. కుండలు నిలిచినాయి. మేడం శానా సంతోషపడింది. ఉప్పునీళ్ల మాట నువ్వు చెప్పిందే అని పుస్తకంలో నీ పేరు పెట్టి రాస్తాదంట. అయితే ఆ పాతకాలపాయన మన దేశపోడే అని మాత్రం తేల్చి రాయదంట, అయి ఉండచ్చు అని రాస్తాదంట. వచ్చే చలికాలం ఇంగో తావ తవ్వుతారు. కంపెనీ కాంట్రాక్టు అయిపోతానే నిన్ను పిలిపిస్తా అనింది."

"అయి ఉండచ్చా?" అన్నాడు ఇస్తారి పైకే. కోపం వచ్చింది. లేచి పందిరి కింద రెండడుగులు వేసి మళ్లీ కూర్చున్నాడు. చేతిలో చీటీ ఇంకోసారి చదివాడు. తన పేరు మీద వేలు పెట్టి చూసుకున్నాడు.

రాబియా తలుపు చాటు నుంచి భర్తతో ఏదో అన్నది. రషీద్ నవ్వాడు. "మేకలు నీళ్లు తాగడానికి వెడల్పు మూతిది ఒకటి కావాలంట. చెవులు పెట్టు, ఎత్తడానికి వీలుగా ఉంటది అంటుంది. నువ్వు మళ్ల ఎప్పుడొస్తవో ఏమో అని."

పొద్దు వాలాక చేసే అస్రు నమాజు వేళ దాటితే మస్కట్ వైపు లారీ దొరకదు. శనివారం పొద్దున ఇబ్రాలో డ్యూటీ. ఇస్తారి రోడ్డు వైపు చూశాడు, ఎండ వైపు చూశాడు. "హబ్బు ఉన్నదా?" అని అడిగాడు. రషీద్ పశువుల కొట్టంలోంచి దొర్లించుకుంటూ తెచ్చాడు. గాడిద సముద్రానికి బయల్దేరింది.

మేకల కుండ లేచేసరికి సాయంత్రమైంది. మెడ అంచుకు రెండు రంధ్రాలు పొడిచి, చెవుల తోకలు లోపలికి తోసి, వేలితో మన్ను మెత్తాడు. తను వెళ్లాక ఎలా కాల్చాలో, ఎన్ని పిడకలు పేర్చాలో రాబియాకు అర్థమయ్యేదాకా రషీద్ చేత మూడుసార్లు చెప్పించాడు. శనివారం మధ్యాహ్నానికి ఇబ్రా చేరాడు. సూపర్‌వైజరు నానా మాటలు అన్నాడు. పైకి రాస్తానని బెదిరించాడు గానీ రాయలేదు. బస్తాలు మోసేవాళ్లు తక్కువగా ఉన్నారు.

ఆ ఏడాది చివర్లో కాంట్రాక్టు అయిపోయి పాస్‌పోర్టు చేతికి వచ్చింది. మెట్‌పల్లిలో రెండు నెలలుండి, లస్మవ్వకు జాగ పేరు చెప్పి తిరిగి వచ్చాడు. డెబ్బై తొమ్మిది జనవరిలో మేడం కొత్త దిబ్బ మీద, తాపీ పట్టుకుని గులాం నబీ పక్కన కూర్చుని ఉన్నాడు. పొర ఎంత నెమ్మదిగా విప్పాలో కొత్తగా చేరిన పనివాళ్లకు అతనే చెబుతున్నాడు. చెబుతూనే మధ్యమధ్య లేచి దిబ్బ చుట్టూ ఒక చుట్టు తిరిగి వస్తున్నాడు.